పడవ మీద రాయని మాట

పెదజాలరిపేటలో ఆ రోజుల్లో పాస్‌వర్డ్ అంటే పడవ నెంబరే. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఇంటర్నెట్ సెంటర్లో కొత్తగా మెయిల్ తెరిచినవాళ్లూ, సెల్‌ఫోన్‌కి లాక్ పెట్టుకున్నవాళ్లూ అందరూ అదే పట్టుకున్నారు. పెళ్లిరోజు మరిచిపోయేవాడు ఉంటాడేమో గానీ, పడవ నెంబరు మరిచిపోయేవాడు వాడలో ఉండడు. సముద్రం మీద ఏదన్నా అయిందని తెలిస్తే ఒడ్డున ఉన్నవాళ్లు ముందు అడిగేది ఆ నెంబరే. అంత గట్టిగా గుర్తుండే అంకెలు చేతిలో ఉండగా ఇంకో మాట వెతుక్కోవడం దేనికి అనుకున్నారు. ఆ నెంబరు పడవకి రెండు పక్కలా మూరెడు ఎత్తున ఎర్రరంగుతో రాసి ఉంటుందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

సీతాలుకీ తట్టలేదు, డిగ్రీ చదివి కూడా. పోలిరాజు, పోతమ్మలకి ఆమె ఒక్కతే కూతురు. తండ్రి గేలపుతాడుతో సముద్రంలో రాళ్ల దగ్గర చేప పట్టేవాడు. తల్లి ఆ చేపని గంపకెత్తుకుని ఎం.వి.పి. కాలనీలో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. సీతాలు ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో కంప్యూటర్ ఆపరేటరు. ఓడెక్కే ప్రతి పెట్టెకీ కాగితాలు తయారుచేసేది ఆమే. నాలుగేళ్లుగా ఒక్క పెట్టె కూడా ఆమె కాగితం వల్ల వెనక్కి రాలేదు. ఆ గర్వం ఆమెకి ఉండేది, దాచుకునేదీ కాదు. తన మానిటర్ పక్కన తండ్రి పడవ ఫొటో అంటించుకుంది. ఫొటోలో నెంబరు బ్రహ్మాండంగా కనిపించేది.

ఆ ఆఫీసు మేనేజరు శివరామకృష్ణ కాకినాడ వైపు మనిషి. మాట వెన్నలా ఉండేది. ఆయన సొరుగులో ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉండేది. ఆఫీసులో ఎవరు ఏ పాస్‌వర్డ్ పెట్టుకున్నా అందులో రాసి సంతకం చెయ్యాలి. ఎవరైనా సెలవు పెడితే పని ఆగకూడదు కదండీ అనేవాడు. సీతాలు కూడా చేరిన రోజునే తన పేరూ పడవ నెంబరూ కలిపి గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది. ఆఫీసు కంప్యూటర్‌కీ, సొంత మెయిల్‌కీ, రైలు టిక్కెట్లకీ, ఉద్యోగాల వెబ్‌సైట్‌కీ, మరో మూడింటికీ ఆమెకున్నది ఆ ఒక్క పాస్‌వర్డే.

2007లో, శివరాత్రి ముందర, మధురవాడలో కొత్తగా వచ్చిన ఒక కంపెనీకి సీతాలు దరఖాస్తు పెట్టింది. ఓడల సరుకు కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని, ఆమెకి నిద్రలో కూడా చేతనయిన పని. పరీక్షకి రమ్మని మెయిల్ వస్తుందన్నారు. పది రోజులు చూసింది. రాలేదు. ఆమెది ఊరుకునే రకం కాదు కనక ఫోను చేసి అడిగింది.

"మీరే కదండీ ప్రస్తుతానికి చేరలేనని మెయిల్ పెట్టారు?" అంది అవతలి అమ్మాయి.

సీతాలు ఆ సాయంత్రమే ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి, పంపిన ఉత్తరాల్లో చూసింది. ఉంది. మర్యాదగా, మంచి ఇంగ్లీషులో, కింద తన పేరుతో. మంగళవారం ఉదయం పదకొండూ ఇరవైకి వెళ్లింది. పరీక్షకి రమ్మన్న మెయిల్ మాత్రం ఎవరో చెరిపేశారు. ఆ మంగళవారం పదకొండింటికి ఆమె కోల్డ్ స్టోరేజీలో ఉన్ని కోటు తొడుక్కుని పెట్టెల మీద లేబుళ్లు సరిచూస్తోంది. అప్పుడు కంప్యూటర్ గదిలో ఉన్నది ఒక్క మనిషి, సొరుగులో ఎర్ర అట్ట పుస్తకం ఉన్న మనిషి. ఆ మనిషికి సీతాలు వెళ్లిపోతే కాగితాల పని చేసేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఒళ్లు మండిపోయింది. తన పేరు పెట్టి, తన నోటితో, తను వద్దందని చెప్పడం. కన్నీళ్లు రాలేదు. వచ్చి ఉంటే కోపం కాస్త తగ్గేదేమో. మర్నాడు పొద్దున్నే ఫోను చేసి, ఆ మెయిల్ తను రాసింది కాదని, తనకి ఉద్యోగం కావాలని చెప్పింది. అవతలి అమ్మాయి మంచిది. మార్చి అయిదున ఇంకో బ్యాచ్ పరీక్ష ఉంది, మెయిల్ వస్తుంది, ఈసారి రెండు రోజుల్లో జవాబు రాకపోతే పేరు తీసేస్తాం అంది.

ఇక సీతాలుకి కావలసింది ఒకటే. రాబోయే ఆ మెయిల్ తనకి తప్ప ఇంకెవరి కంటా పడకూడదు.

ముందు పాస్‌వర్డ్‌లన్నీ మార్చేసింది. దేనికది వేరుగా, అంకెలూ అక్షరాలూ కలగలిపి, తనకే నోరు తిరగనివి పెట్టింది. ఏడు అయ్యాయి. బుర్రలో పెట్టుకుందామనుకుంది. మూడోనాటికి రైలుది మెయిల్‌కీ, మెయిల్‌ది రైలుకీ కొట్టి, రెండూ తెరుచుకోక గంటసేపు బయట నిలబడాల్సి వచ్చింది. సరే అని ఒక నోటుపుస్తకంలో ఏడూ ఒకే పేజీలో రాసి బియ్యం డబ్బా పైన పెట్టింది. మర్నాడు చూస్తే పుస్తకం ఉంది, పేజీ లేదు.

"అమ్మా, ఇందులో కాగితం ఏదే?"

"గంపలో కాగితాలైపోనాయి. ఒకటి సింపీసి వంజరం ముక్కలు సుట్టీసినాను," అంది పోతమ్మ, కత్తిపీట కడుగుతూ. "అలా సూస్తావేటే? కాగితమే కదా."

"ఎవుళికిచ్చినావు?"

"నాలుగో లైన్లోన, మూడో అంతస్తు మేడమ్‌కి."

సీతాలు చెప్పులేసుకుని పరుగు. మూడంతస్తులెక్కి, తలుపు కొట్టి, నిన్నటి చేప చుట్టిన కాగితం ఉందాండీ అని అడిగింది. ఆవిడ సీతాలుని కిందనుంచి పైదాకా చూసి, పులుసు బాగా కుదిరిందమ్మా, మీ అమ్మకి చెప్పు అంది. కాగితం చెత్తబుట్టలో పొలుసులతో సహా దొరికింది. సిరా కారిపోయి ఏడింటిలో అయిదు మిగిలాయి. మెయిల్‌ది చివరి రెండు అక్షరాలు ఊహించుకుని కొడితే నాలుగోసారికి తెరుచుకుంది. ఆ కాగితాన్ని అక్కడే ముక్కలు చేసి, చేతులు వాసన చూసుకుంటూ మెట్లు దిగింది. కాగితం పద్ధతి అక్కడితో అయిపోయింది.

ఈ గొడవంతా ఎరిగింది శ్రీవల్లి ఒక్కతే. తండ్రి స్టీల్‌ప్లాంటు ఉద్యోగి, వాళ్లది రాజమండ్రి వైపు, ఇంట్లో సొంత కంప్యూటర్ ఉంది. సీతాలుతో కలిసి డిగ్రీ చదివింది. ఆదివారం ఉక్కునగరం క్వార్టర్లో ఆ ఇద్దరూ కూర్చుని దారులు వెతికారు.

"ఇంటర్నెట్ సెంటర్లో పాస్‌వర్డ్ గుర్తు పెట్టుకోమంటావా అని కంప్యూటరే అడుగుతుంది కదే, సరేనని నొక్కెయ్యొచ్చుగా," అంది శ్రీవల్లి.

"నా తర్వాత ఆ కుర్చీలో కూచున్నోడికి కూడా అదే గుర్తు సేత్తాది."

"పోనీ ఈ వెబ్‌సైట్ చూడు. అన్నీ వాళ్లే దాచిపెడతారంట. ఎక్కణ్ణుంచైనా తెరుచుకోవచ్చు, పైసా అక్కర్లేదు."

"ఆళ్లెవరు?"

"ఎవరో మరి. ఇక్కడ పేరు కూడా లేదు."

"ఎర్ర అట్ట పుస్తకం లేదన్నమాట, అంతే తేడా," అంది సీతాలు. "నా సామాను నాకు తెలీనోళ్లింట్లో పెట్టను. ఇంకోటి సూడు."

మూడోది ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో ఉంది. చిన్న ప్రోగ్రాం, తాళం వేసుకునే పెట్టె లాంటిది. ఎన్ని పాస్‌వర్డ్‌లైనా అందులో పడేసి ఒకే ఒక తాళం వేసుకోవచ్చు. ఆ పెట్టెని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని జాకెట్లో దోపుకుని తిరగొచ్చు. తాళంమాట మరిచిపోతే మాత్రం ఆ ప్రోగ్రాం రాసినవాడు దిగివచ్చినా తెరవలేడని అందులోనే రాసి ఉంది. శ్రీవల్లికి ఆ వాక్యం చదివి భయమేసింది. సీతాలుకి సరిగ్గా ఆ వాక్యమే నచ్చింది.

"పెన్‌డ్రైవ్ పోతే?"

"ఇంకో కాపీ నీ దగ్గరుంటాది."

"నేను తెరిచేస్తేనో?"

"తాళంమాట తెలీని పెట్టె నీకేటి పనికొస్తాదే," అని నవ్వింది సీతాలు. అంతకుముందు వారం రోజుల్లో నవ్వడం అదే మొదటిసారి. ఆ పెట్టెని ఆఫీసు కంప్యూటర్లో గానీ సెంటర్లో గానీ తెరవకూడదని, శ్రీవల్లి ఇంట్లోనే తెరవాలని అక్కడికక్కడే నిర్ణయం చేసుకుంది. మార్చి అయిదు దాకా రోజు విడిచి రోజు బస్సెక్కి ఉక్కునగరం రావాలి. రానీ అనుకుంది.

మిగిలింది తాళంమాట. పొడుగ్గా ఉండాలి, మరిచిపోయే వీల్లేనిదై ఉండాలి, బతికున్న ఇంకో మనిషికి తెలిసి ఉండకూడదు. దేవుళ్ల పేర్లు వాడంతా పిలుస్తుంది. పుట్టినరోజు రేషను కార్డులో ఉంటుంది. పడవ నెంబరు సంగతి చెప్పనక్కర్లేదు. సీతాలు కీబోర్డు మీద వేళ్లు పెట్టి చాలాసేపు కూర్చుంది. తర్వాత శ్రీవల్లిని గదిలోంచి బయటికి పొమ్మంది.

ఇక్కడ వాడ సంగతి ఒకటి చెప్పాలి. సముద్రం అడుగున రాతిగుట్ట ఎక్కడుంటే చేప అక్కడుంటుంది. నీళ్ల మీద మాత్రం దానికి జాడ ఉండదు. ఒడ్డు మీదున్న కొండనీ, దాని ముందున్న ఇంకో గుర్తునీ ఒక వరసలోకి తెచ్చుకోవాలి. ఇంకోపక్క ఇంకో జతని అలాగే తెచ్చుకోవాలి. రెండు వరసలూ కలిసినచోట పడవ ఆపాలి. ఆ గుర్తులు ఎవరివి వాళ్లవే. గట్టు మీద ఎవరూ పైకి చెప్పరు. తండ్రి కొడుక్కి చెప్పాలన్నా ఆ రాయి మీదికి తీసుకెళ్లి పడవలోనే చెబుతాడు. ఆడవాళ్లు పడవెక్కరు కనక వాళ్లకి చెప్పడమన్న మాటే లేదు. పోలిరాజు దగ్గర పదకొండు రాళ్లున్నాయని వాడలో చెప్పుకునేవారు. ఆయనకి వరసకి బావమరిదయ్యే తాతబాబు జి.పి.ఎస్. డబ్బా కొన్నాడు, దాంతో ఒక్కసారి రాయి దొరికితే మీట నొక్కి దాచేసుకోవచ్చు. పోలిరాజు వెనకాలే రెండేళ్లు పడవ నడిపి కూడా వాటన్నిటిలోకీ పెద్ద రాయిని మాత్రం పట్టలేకపోయాడు. తాతబాబు కనిపిస్తే పోలిరాజు ఖాళీ నీళ్ల మీద గేలం వేసుకుని కూర్చునేవాడు, పూటంతా పోయినా సరే.

"నువ్వూ డబ్బా కొనుక్కో బావా," అంటే, "ఆ డబ్బా ఎవుడి సేతిలో పడితే ఆడికి నా రాళ్లన్నీ దొరికిపోతాయి. నానొల్లను," అనేవాడు.

తాతబాబుకి తెలియనిదీ, పోలిరాజుకి కూడా తెలియనిదీ ఒకటుంది. పదేళ్ల వయసులో సీతాలు తండ్రి కోసం ఎదురుచూస్తూ ఒడ్డున ఎప్పుడూ ఒకే చోట నిలబడేది. అక్కణ్ణుంచి చూస్తే, తండ్రి పడవ ఒకదాని చాటునుంచి జరిగి ఇంకోదాని పక్కకి వచ్చేసరికి ఆగిపోయేది. ఏడాది పొడుగునా అక్కడే ఆగేది. పెద్ద రాయిని ఆమె ఒడ్డునుంచి పట్టేసింది. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. పదహారేళ్లు కడుపులో పెట్టుకున్న ఆ గుర్తుని, వాడ మాటలోనే, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి తాళం వేసింది. ఏమిటా గుర్తు అంటే, ఇక్కడ రాసేస్తే ఇంత కథా దండగ.

పరీక్ష మెయిల్ ఫిబ్రవరి ఆఖర్న వచ్చింది. శ్రీవల్లి ఇంట్లో తెరిచింది, చదివింది, వస్తానని జవాబు రాసింది. ఆఫీసులో ఎవరితోనూ ఏమీ అనలేదు. రోజూలాగే కాగితాలు చేసింది, పడవ ఫొటో కూడా తియ్యలేదు. శనివారం మధ్యాహ్నం సోమవారానికి సెలవు కావాలని చీటీ పంపింది.

అరగంటలో శివరామకృష్ణ గదిలోంచి బయటికి వచ్చాడు. రొయ్యలు ఒలిచే షెడ్డులోంచి భోజనాలకి వచ్చిన ఆడవాళ్లు పాతికమంది వరండాలో ఉన్నారు.

"సీతాలూ, నువ్వు పాస్‌వర్డ్ మార్చావేంటమ్మా?"

"ఏ పాస్‌వర్డ్ సార్?"

"అదే, నీ మెయిల్‌ది."

సీతాలు కుర్చీలోంచి లేచింది. ఈ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. ఇంత తిన్నగా, ఇంత తేలిగ్గా వస్తుందని అసలు అనుకోలేదు.

"నా సొంత మెయిల్‌ది మారిందని మీకెలా తెలిసింది సార్?"

వరండాలో ఆడవాళ్లు ఇటు తిరిగారు. శివరామకృష్ణ మెత్తగా మొదలెట్టాడు. ఆఫీసు కంప్యూటర్ మీద తెరిచేది ఏదైనా ఆఫీసుదే కదా, క్రమశిక్షణ ఉండాలి కదా అన్నాడు. ఎర్ర అట్ట పుస్తకం తెప్పించి, పేజీ తీసి, పెన్ను దాని మీద పెట్టాడు.

"కొత్తది రాసెయ్. గొడవెందుకు."

"ఆఫీసుది రాస్తాను. నాది రాయను."

"రాయకపోతే సోమవారమే కాదు, ఇక రావక్కర్లేదు."

ఆ మాట వినడానికి సిద్ధపడే వచ్చినట్టుగా సీతాలు పెన్ను తీసుకుంది. మధురవాడ ఉద్యోగం ఇంకా చేతికి రాలేదు, ఇది పోతే ఇంట్లో తన జీతమన్నది ఉండదు, అన్నీ తెలుసు. పుస్తకంలో ఆఫీసు పాస్‌వర్డ్ రాసి, సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టింది. నాలుగేళ్లుగా ఆ ఆఫీసులో జాగ్రత్తగా మాట్లాడిన పుస్తకాల భాష అప్పుడు నోటికి రాలేదు.

"మంగలారం పదకొండూ ఇరవైకి నా పేరున రాసిన ఉత్తరం మీదే సార్. నాకు తెల్సు. మీకూ తెల్సు. ఇప్పుడు ఈళ్లందరికీ తెల్సింది. నాది నాను రాయను. సచ్చినా రాయను." అని, మానిటర్ పక్కనున్న ఫొటో గోటితో ఊడదీసుకుని, వరండాలోంచే నడిచి వెళ్లింది. ఆడవాళ్లు దారిచ్చారు. ఒకామె వెనకనుంచి, మంచి పని సేసినావు పాపా అంది. మేనేజరుకి వినపడేలాగే అంది.

పరీక్ష పాసయిందా అంటే, పాసయింది. ఏప్రిల్లో చేరింది కూడా. కానీ చెప్పుకోవాల్సింది ఆ సోమవారం పొద్దుటి సంగతి.

పోలిరాజు ఆ రోజు కావాలనే ఆలస్యంగా బయల్దేరాడు, కూతుర్ని చూసి వెళ్దామని. గుమ్మంలో గేలాలు సర్దుకుంటూ, ఆమె చేతిలో పెన్‌డ్రైవ్ చూసి అడిగాడు.

"నీ తాళాలన్నీ దీన్లో ఉన్నాయంటావా?"

"ఉన్నాయి."

"దీని తాళం?"

"బుర్రలో."

"నీకేదన్నా అయితే ఎలాగే? నాకొక్కడికి సెప్పి ఉంచు."

"సెప్పను."

పోతమ్మ గంప దించేసింది. "అయ్యకి సెప్పవేటే? అయ్యా, మేనేజరూ ఒకటేనేటి?"

"నీ రాళ్ల గురుతులు నాకు సెప్పినావేటి అయ్యా?" అంది సీతాలు. తండ్రి మొహంలోకి నేరుగా చూసే అంది. ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు.

పోలిరాజు గేలం కింద పెట్టి లేచాడు. కోప్పడతాడని పోతమ్మ మధ్యకి వచ్చింది. ఆయన కోప్పడలేదు. కూతుర్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"సెప్పలేదు," అన్నాడు. "అయితే నాకూ సెప్పకు." గేలాలు, చద్దిగిన్నె తీసుకుని పడవ వైపు వెళ్లిపోయాడు. ఆ నడకలో కాస్త హుషారుండటం పోతమ్మ కూడా గమనించింది.

భీమిలి బస్సు ఋషికొండ మీదుగా వెళుతుంది. అక్కడ దిగి ఆటో ఎక్కితే మధురవాడ. బస్సు రావడానికి ఇంకా టైముంది. సీతాలు బీచిరోడ్డు మీద, చిన్నప్పుడు నిలబడే చోటనే నిలబడింది. ఫైలు గుండెలకి ఆనించుకుని సముద్రం వైపు చూసింది. తండ్రి పడవ చిన్నదైపోయింది. ఒకదాని చాటునుంచి జరిగింది. ఇంకోదాని పక్కకి వచ్చింది. ఆగింది.

"మీ అయ్య ఎటెల్నాడే?"

తాతబాబు. భుజాన వల, చేతిలో ఆ డబ్బా. కళ్లు చికిలించి నీళ్ల మీద వెతుకుతున్నాడు.

సీతాలు చూపు తిప్పేసింది. హార్బరు వైపు, దీపస్తంభం వైపు తల తిప్పి, వేలు కూడా చూపించింది.

"ఆ పక్కకెల్లినట్టున్నాడు మావా. నాకేటి తెల్సు."

తాతబాబు అటే చూస్తూ ఇసకలోకి దిగిపోయాడు. బస్సు వచ్చింది. సముద్రం వైపు కిటికీ దగ్గర సీటు ఖాళీగా ఉంది. తన చూపు వెంట ఎవరి చూపూ పోకుండా సీతాలు వెళ్లి కొండ వైపు కూర్చుంది.